తెర మూల మూడక్షరాలు

జూన్ 2
హాస్టల్, మేడ మీద గది

పిన్నీ,

ఈ రోజు మొదటి వింత: మా లెక్కల మాస్టారు నవ్వారు. రెండేళ్లలో ఆయన పళ్లు చూడడం ఇదే మొదటిసారి. నా చేతిలో ఉన్న నీ కాలిక్యులేటర్‌ని అటూ ఇటూ తిప్పి, "ఎక్కడ తవ్వితే దొరికిందమ్మా ఇది?" అన్నారు. "మా పిన్నిదండీ. వాయిదాల కంపెనీలో పదిహేనేళ్లుగా కిటికీ దగ్గర కూర్చుంటుంది" అన్నాను. "అయితే కప్పులో సగం ఆవిడకి పంపించు" అన్నారు.

అర్థమైందా? గెలిచాను! మొదటి బహుమతి!

కప్పు సగం చేయడం కుదరదు కాబట్టి ముసలాయన్నే, అదే నీ కాలిక్యులేటర్‌నే, పంపిస్తున్నాను, ఇదే పార్సిల్లో. నీ పరీక్షకి ఇంకా రెండు వారాలుంది కదా, సాధన చేసుకోవడానికి సరిపోతుంది. ఆయన్ని నా తువ్వాలులో చుట్టాను. తువ్వాలు మాత్రం తిరిగి పంపాలి, నాకున్నవి రెండే.

పోటీ గురించి చెప్పాలి. పది లెక్కలు. అప్పు, వడ్డీ, వాయిదా ఇవే తిరగేసి మరగేసి ఇచ్చారు. తీసుకున్న సొమ్ముకి ఒక గుర్తు, కట్టే సొమ్ముకి ఇంకో గుర్తు పెట్టాలా, సగంమంది ఆ సంగతి మరిచిపోయి రెండూ ఒకేలా నొక్కేశారు. హాలంతా ఎర్రర్, ఎర్రర్. ముసలాయన ఒక్కసారి కూడా మొహం ముడవలేదు. చివరి లెక్క కొట్టు అద్దె గురించి. అదే అసలు ఉచ్చు. దానికి ఆయన్ని ఎలా సిద్ధం చేయాలో నీకు వేరే చెప్పాలా! చెప్పినట్టు విన్నాడు, జవాబు చేతిలో పెట్టాడు.

ఒక తమాషా. మా సాయంత్రం తరగతికి వచ్చే ఆవిడొకరున్నారు, పగలు బేకరీ కౌంటర్లో ఉంటారు, అందరం బేకరీ అక్క అంటాం. ఆవిడ పోటీ మొదలవగానే లేచి, "సార్, తెర మూల మూడు అక్షరాలు కనిపిస్తున్నాయి, అవేంటి సార్?" అంది. మొదటి లెక్క కూడా కాలేదప్పటికి! హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాత్రం తెలియకుండా పోటీకి ఎలా వస్తారో! మాస్టారు "మాట్లాడకుండా రాయండి" అన్నారు. ఆవిడ కూర్చుండిపోయింది.

అన్నట్టు నేనిప్పుడు మాటలు పోగు చేస్తున్నాను, కాగితం ముక్కల మీద రాసి గది గోడకి కొడుతున్నాను. నిన్న దొరికిన మాట 'మురిపెం'. పలికితే నోట్లో వెన్నముద్ద పెట్టుకున్నట్టుంది. నువ్వు కూడా ఉత్తరానికొక మాట పంపాలి. ఇది ఆజ్ఞ.

నీ
గెలిచిన అమ్మాయి


జూన్ 9
ఆఫీసు, మూడో కిటికీ, భోజనం వేళ

ఒసేయ్ నిఘంటువూ,

మాట కావాలన్నావుగా, ఇదిగో: బడాయి. నీకోసమే పుట్టించినట్టుంది. గోడకి కొట్టుకో.

నువ్వు గెలిచిన సంగతి మూడో కిటికీ నుంచి ఏడో కిటికీ దాకా చెప్పాను. ఏడో కిటికీలో కొత్తగా చేరిన టై అబ్బాయి (ఎంత ఎండైనా టై విప్పడు, పడుకునేటప్పుడు కూడా విప్పడని మా అనుమానం) "మీ కాలిక్యులేటర్‌తోనా మేడమ్?" అని కళ్లు పెద్దవి చేశాడు. "మరేమనుకున్నావ్, మా ఇంటి సామాను" అన్నాను. చూశావా, బడాయి మన వంశంలోనే ఉంది.

ముసలాయన క్షేమంగా చేరాడు. తువ్వాలు ఉతికి పంపిస్తాను.

పరీక్ష పదిహేనో తారీకు. డిగ్రీ లేనివాళ్లని కూడా రాయనివ్వడం మా కంపెనీలో ఇదే మొదటిసారి. ఇక్కడ కుట్టుమిషన్ కొనేవాళ్లకీ ఫ్రిజ్ కొనేవాళ్లకీ వాయిదా ఎంతో గోడకి అతికించిన పట్టీ చూసి చెప్పేస్తాం, కాలిక్యులేటర్ అక్కర్లేదు. పరీక్షలో మాత్రం పట్టీ ఉండదు. పాసైతే సెక్షన్ హెడ్. జీతం సంగతి అలా ఉంచు. సెక్షన్ హెడ్ గదికి తలుపుంటుందే! పదిహేనేళ్లు కిటికీ వెనక కూర్చున్నదాన్ని. ఒక్కసారి తలుపు వేసుకుని కూర్చుని, ఎవరైనా తడితే "రండి" అనాలని ఉంది.

నిన్నొక చిన్న మాట అడుగుదామనుకున్నాను. సర్లే, పరీక్ష అయ్యాక అడుగుతాను.

పిన్ని


జూన్ 12
కాలేజీ మెట్లు, పోస్టు డబ్బాకి ఎదురుగా

పిన్నీ,

కార్డులో చోటు లేదు. బాగా రాయి. తలుపు తట్టే మొదటి మనిషిని నేనే. ఏదో అడగాలన్నావు, ఏంటది? అయినా నీకు తెలియనిది నాకేం తెలుస్తుందిలే! 'బడాయి' గోడకెక్కింది.


జూన్ 29
ఇల్లు

అమ్మాయికి,

రాలేదు. పాస్ కావడానికి నాలుగు మార్కులు తక్కువ. రాసిన తొమ్మిది మందిలో ఇద్దరు పాసయ్యారు, వాళ్లలో టై అబ్బాయి ఒకడు.

మీ అమ్మకి నేనే చెప్తాను. నువ్వు చెప్పకు.

ఆఫీసులో అందరూ మంచిగా మాట్లాడుతున్నారు. అదే కష్టంగా ఉంది. టీ తెచ్చే ఆయన అందరికీ చిన్న గ్లాసుల్లో ఇచ్చి నాకొక్కదానికే పెద్ద గ్లాసులో ఇచ్చాడు. తాగలేక, పారబోయలేక, చల్లారేదాకా చేతిలో పట్టుకు కూర్చున్నాను.

కాలిక్యులేటర్ బీరువాలో పెట్టేశాను. నీకు కావలిస్తే చెప్పు, పంపిస్తాను. నాకిక దాంతో పని లేదు.

ఈసారి మాట అడగకు.

పిన్ని


జూలై 4
లైబ్రరీ, వెనక బల్ల

పిన్నీ,

ఈ రోజు మొదటి వింత రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను. రాయకపోతే ఈ ఉత్తరానికి అర్థమే లేదు.

పొద్దున మాస్టారు రెండు కాలిక్యులేటర్లు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఒకటి కొట్లో వాడే మామూలుది, ఇంకొకటి మన ముసలాయన లాంటిది. "ఈ రోజు యంత్రాల చేష్టల గురించి మాట్లాడుకుందాం" అన్నారు. ముందు ముసలాయన లాంటి దాని మీద వందకి ఇరవై శాతం కలపమన్నారు. నూట ఇరవై వచ్చింది. కొట్టు యంత్రం మీద అవే బటన్లు అదే వరసలో నొక్కితే నూట ఇరవై ఐదు వచ్చింది! అందరం పాడైందనుకున్నాం. "పాడవలేదర్రా. అది కొన్న ధర మీద లాభం వేస్తోంది, ఇది అమ్మే ధరలో లాభం వేస్తోంది. నూట ఇరవై ఐదులో ఇరవై శాతం ఎంత? పాతిక. తీసేస్తే ఎంత? వంద. రెండూ నిజమే చెప్తున్నాయి. మీరడిగింది ఏమిటో మీకు తెలియాలి, అంతే" అన్నారు.

నాకు అప్పటికింకా సరదాగానే ఉంది. ఆ వాక్యం నోట్సులో రాసుకుని కింద గీత కూడా గీశాను.

తర్వాత ముసలాయన లాంటి దాన్ని చేతిలోకి తీసుకున్నారు. "వాయిదా నెల గడిచాక కడతాం. అద్దె నెల మొదట్లోనే కడతాం. ఇది అద్దె లాంటిది అని చెబితే దీనికి ఆ లెక్క వస్తుంది" అని రెండు బటన్లు నొక్కారు. "ఇప్పుడు ఆపేస్తున్నాను" అని ఆపారు. మళ్లీ వెలిగించారు. "ఆపితే మరిచిపోతుందనుకున్నారు కదూ? మరిచిపోదు. ఎవరో ఒక పూట చెప్పిన మాట పట్టుకుని, మళ్లీ మీరే వద్దని చెప్పేదాకా నెలల తరబడి అలాగే కూర్చుంటుంది. ఇప్పుడు మీరు ఏ అప్పు వాయిదా అడిగినా ఒక నెల వడ్డీ మేర తక్కువే చెప్తుంది."

పిన్నీ, పోటీలో కొట్టు అద్దె లెక్కకి ఆ రెండు బటన్లు నేనే నొక్కాను. కప్పు చేతికి రాగానే ముసలాయన్ని తువ్వాలులో చుట్టేశాను. మళ్లీ వెనక్కి తిప్పలేదు.

నీకు పంపింది ముసలాయన్ని కాదు, నేను తప్పు నేర్పిన ముసలాయన్ని.

లక్ష అప్పు, నెలకి ఒక శాతం వడ్డీ, పన్నెండు వాయిదాలు అనుకో. 8885 రావాలి. నేను పంపిన యంత్రం 8797 అంటుంది. ఎంత సరిగ్గా నొక్కినా అదే అంటుంది. నీ నాలుగు మార్కులు నా తువ్వాలులోనే పోయాయి. నేను ఇక్కడ 'మురిపెం' అని మాటలు ఏరుకుంటూ కూర్చున్నాను, నువ్వక్కడ పెద్ద గ్లాసు పట్టుకు కూర్చున్నావు.

జరిగింది జరిగినట్టు వేరే కాగితం మీద రాసి సంతకం పెట్టాను, ఇందులో ఉంది. మీ ఆఫీసులో చూపించు. వాళ్లు న్యాయం తెలిసినవాళ్లయితే మళ్లీ రాయనిస్తారు. నన్ను తిట్టు. ఉత్తరంలో కాదు, ఎదురుగా. చెంపదెబ్బ కొట్టినా నోరెత్తను. 'సిగ్గు' అనే మాట ఇన్నాళ్లూ ఎంత తేలిగ్గా వాడానో ఇప్పుడు తెలుస్తోంది.

నీ అమ్మాయి


జూలై 11
ఆఫీసు, మూడో కిటికీ

నా బంగారు నిఘంటువుకి,

తిట్టడమా! నిన్నా! చిన్నపిల్లవి, తెలియక చేశావు. మీ బాబాయి కూడా "దాన్ని ఒక్క మాట అన్నావంటే ఊరుకోను" అన్నాడు. నేనెందుకంటానే!

నీ కాగితం మా యూనియన్ పెద్దాయనకి చూపించాను. ఆయన చదివి బల్ల గుద్దాడు. "ఇంకేం కావాలమ్మా! అర్జీ పెడదాం పట్టు" అని తనే కూర్చుని రాశాడు. నేను సంతకం పెట్టాను. నకలు ఇందులో పెడుతున్నాను. కమిటీ ఈ నెల ముప్పైన కూర్చుంటుందట. నువ్వొచ్చి ఆ బటన్లు ఎలా నొక్కావో, వాయిదా ఎలా మారిపోతుందో వాళ్ల ముందు చూపించాలట. అంతే, అయిదు నిమిషాల పని. దారి ఖర్చులు కంపెనీవే.

ఆఫీసులో గాలే మారిపోయింది. రెండు వారాలుగా ఆచితూచి మాట్లాడి పోయేవాళ్లు ఇప్పుడు ఆగి మరీ "అయ్యో పాపం, మీ అక్క కూతురటగా!" అంటున్నారు. టీ మళ్లీ చిన్న గ్లాసులో వస్తోంది. ఆ చిన్న గ్లాసు చూస్తే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నిన్న కడుపునిండా తిన్నాను. పరీక్షలో అడిగిన లెక్కలు, నేను వేసిన జవాబులు కూడా పంపుతున్నాను, సరిచూసుకో. వాళ్లు ఏమడిగినా తడుముకోకూడదు.

మీ అమ్మకి చెప్పాను. కాస్త కోప్పడుతుందేమో, పట్టించుకోకు.

ఈసారి మాట: ఊరట.

మీ పిన్ని


జూలై 16
హాస్టల్, మేడ మీద గది

పిన్నీ,

అమ్మ కాస్త కోప్పడలేదు. హాస్టల్ ఆఫీసుకి ఫోన్ చేసి, వార్డెన్ పక్కన ఉండగానే, "చెల్లెలు ఇన్నాళ్లకి తలెత్తుకుంటుందనుకున్నాను, నీ చేతికేదిచ్చినా ఇంతే, కొంప ముంచేదాకా వదలవు" అంది. మూడు నిమిషాలు అంది. తర్వాత ఫోన్ పెట్టేసింది. నాకు దక్కాల్సిందే దక్కింది. నీకు ఫిర్యాదు చేయడం లేదు, జరిగింది చెప్పానంతే.

ఇప్పుడు మంచి మాట. నీ లెక్కలన్నీ మాస్టారు దగ్గర అరువు తెచ్చిన యంత్రం మీద వేశాను, ఆ రెండు బటన్లు నొక్కి మరీ. నువ్వు తప్పిన అయిదూ వాయిదా లెక్కలే. అయిదింటికీ అచ్చం నీ జవాబులే వచ్చాయి, చివరి అంకెతో సహా! ప్రతి జవాబూ ఒక నెల వడ్డీ మేర తక్కువ. తప్పులు కూడా బడి పిల్లల్లా వరసలో నిలబడ్డాయి. అంటే ఏమిటో తెలుసా? మూడు గంటల పరీక్షలో నీ వేలు ఒక్క బటన్ కూడా తప్పు నొక్కలేదు. అర్జీలో ఈ మాట కూడా రాయించాల్సింది.

అర్జీ రెండుసార్లు చదివాను. ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. 'యంత్రము తెరపై ఎటువంటి గుర్తూ లేకపోవుటచేత మార్పును గమనించు అవకాశము నాకు లేకపోయినది' అని ఉంది. భాష యూనియన్ పెద్దాయనదే అయ్యుంటుంది, నువ్వెప్పుడూ 'లేకపోవుటచేత' అనవు.

కానీ పిన్నీ, గుర్తు ఉంటుంది. ఆ బటన్లు నొక్కగానే తెర పై మూల బి, జి, ఎన్ అని మూడు ఇంగ్లీషు అక్షరాలు చీమ తలకాయలంత వెలుగుతాయి. 'బిగిన్' అని, నెల మొదట్లో అని దానర్థం. వెనక్కి తిప్పేదాకా అవి పోవు. కమిటీ ముందు నేను చూపించేటప్పుడు కూడా వెలుగుతాయి. అప్పుడు వాళ్లు అర్జీ వైపు చూస్తారు, తర్వాత నీ వైపు చూస్తారు.

తెర ఆ మూల ఏమైనా పాడైందా? నా దగ్గర ఉన్నప్పుడు బాగానే ఉంది. దారిలో పార్సిల్ ఎక్కడైనా పడిందేమో. లేకపోతే పరీక్ష గదిలో వెలుతురు తక్కువైందా? అలా ఏదైనా ఉంటే చెప్పు. లేకపోయినా సరే, ఏం చెప్పాలో నువ్వు రాయి. నువ్వు చెప్పమన్నట్టే చెప్తాను. నీకింత చేశాక ఆ మాత్రం చేయలేనా?

నీ అమ్మాయి


జూలై 22
ఇల్లు, వంటగది బల్ల

నా తల్లికి,

'నువ్వు చెప్పమన్నట్టే చెప్తాను' అన్న మాట దగ్గర నీ ఉత్తరం మడిచేశాను. మళ్లీ విప్పడానికి నాలుగు రోజులు పట్టింది.

తెర పాడవలేదు. వెలుతురు బాగానే ఉంది. పార్సిల్ విప్పిన రోజే ఆ అక్షరాలు చూశాను.

ముందు మరకేమో అనుకుని తడిగుడ్డతో తుడిచాను. పోలేదు. గోటితో గీకాను. అప్పుడు తెలిసింది, లోపలివని. పుస్తకంలో లెక్క ఒకటి వేశాను. వెనక పేజీ జవాబుతో కలవలేదు. ఇంకొకటి వేశాను, అదీ కలవలేదు. యంత్రం ఏదో వేరేగా చెప్తోందని నాకు ఒక్కసారి కూడా తోచలేదే. నాకే రావడం లేదనుకున్నాను. డిగ్రీ లేనిదానివి నీకెందుకే ఇవన్నీ, ఇరవై ఏళ్ల పిల్లలతో పోటీనా, అని నన్ను నేనే తిట్టుకున్నాను. రోజుకి పది లెక్కలు వేసేదాన్ని అయిదు చేశాను, తర్వాత రెండు, చివరి మూడు రోజులు పుస్తకమే తెరవలేదు. తెరిస్తే కలవదని భయం.

నిన్నొక మాట అడుగుదామనుకున్నానని రాశాను చూడు, ఆ మాట ఇదే. ఆ మూడక్షరాలేంటే అని. ఉత్తరంలో సగం రాశాను కూడా. అప్పుడు నువ్వు రాసిన బేకరీ ఆవిడ గుర్తొచ్చింది. హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను, ఆ మాత్రం తెలియకుండా పోటీకి ఎలా వస్తారో అన్నావు. ఆ సగం కొట్టేసి, 'పరీక్ష అయ్యాక అడుగుతాను' అని రాశాను. నిన్ను దెప్పడానికి చెప్పడం లేదు తల్లీ. ఉన్నది చెప్తున్నాను. నీకు ఎక్కాలు నేర్పింది నేను. పన్నెండో ఎక్కం రాకపోతే నీ చెవి మెలేసింది నేను. అలాంటిది నిన్నడగాలంటే నోరు రాలేదు.

పరీక్ష గదిలో ఇంకా అన్యాయం. కూర్చోగానే పరీక్ష పెట్టే ఆయన, "కాలిక్యులేటర్లు ఒకసారి చూసుకోండి, ఏదైనా అనుమానముంటే ఇప్పుడే అడగండి, చెప్తాను" అన్నాడు. నా చెయ్యి బల్ల మీదే ఉంది. ఎత్తితే చాలు. పక్కన టై అబ్బాయి, వెనక ఏడుగురు. వీళ్లందరూ నవ్వుతారు అనుకున్నాను. చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. అదీ జరిగింది.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది అన్నిటికంటే హీనం. తప్పు నీదని నీ ఉత్తరం వచ్చిన రోజు నాకు సంతోషం వేసింది. నువ్వు ఏడుస్తూ రాశావని తెలుస్తూనే ఉంది, అయినా సంతోషం వేసింది. తెలియక ఓడిపోయాను అనడం కంటే పిల్ల పాడుచేసింది అనడం ఎంత తేలిక! ఆ వాక్యం రాస్తూ పెద్దాయన, "గుర్తేదీ లేదు కదమ్మా? ఉందంటే మాత్రం చూసుకోవలసింది మీరే అంటారు" అని అడిగాడు. "లేదండీ" అన్నాను. అంతమంది 'మీ అక్క కూతురటగా' అంటుంటే తలూపాను. మీ అమ్మ చేత తిట్టించాను. చిన్న గ్లాసులో టీ తాగాను.

ఈ రోజు మధ్యాహ్నం వెళ్లి ఆ వాక్యం కొట్టేయించాను. గుర్తు ఉంది, చూశాను, అదేమిటో నాకు తెలియదు, అడగడానికి సిగ్గుపడ్డాను అని నా భాషలో, నా చేత్తో రాసి ఇచ్చాను. మేనేజరు చదివి కాగితం ఫైల్లో పెట్టాడు. తర్వాత, "ఇలా అయితే కమిటీ అక్కర్లేదమ్మా. డిసెంబరులో మళ్లీ రాయండి" అన్నాడు. గది టై అబ్బాయికి ఇచ్చారు. మంచివాడేనే. తలుపు తీసే ఉంచుతున్నాడు.

మీ అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఈసారి మూడు నిమిషాలు నాకు పడ్డాయి. నీకు రేపో మాపో చేస్తుంది.

ముప్పైన నువ్వు రానక్కర్లేదు. కానీ ఎప్పుడైనా శనివారం రా. ముసలాయన్ని బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టాను. ఆ మూడక్షరాలు ఇంకా నావైపే చూస్తున్నాయి. వాటిని తీసేయడం ఎలాగో నాకు తెలియదు. నేర్పుతావా?

మాట: నామోషీ. ఇది గోడకి కొట్టకు.

పిన్ని


జూలై 27
లైబ్రరీ, వెనక బల్ల

పిన్నీ,

అమ్మ ఫోన్ చేసింది. తిట్టలేదు. "తిన్నావా?" అని రెండుసార్లు అడిగింది. అంటే క్షమించమని అన్నమాట, మన ఇళ్లలో.

శనివారం మొదటి బస్సుకి వస్తాను. రెండు బటన్లే, నీకు అర నిమిషం పట్టదు. తర్వాత డిసెంబరు దాకా ప్రతి శనివారం వస్తాను. నాకు తెలియనివి నువ్వడుగు, నీకు తెలియనివి నేనడుగుతాను, ఎవరు ఎక్కువసార్లు 'తెలియదు' అంటారో చూద్దాం.

నేను ఇన్నాళ్లూ నా తప్పుని తప్పు చోట వెతికాను. ఆ రెండు బటన్లు వెనక్కి తిప్పకపోవడం మరుపు. మరుపు ఎవరికైనా వస్తుంది. నువ్వు ఒక్క మాట అడిగి ఉంటే ఆ మరుపు అక్కడే సరైపోయేది. అడగనీయకుండా చేసింది నా నవ్వు. అది మరుపు కాదు, బాగా గుర్తుండే నవ్వాను. గుర్తుంచుకుని నీకు ఉత్తరంలో కూడా రాశాను, నువ్వూ నవ్వుతావని.

నిన్న సాయంత్రం తరగతికి వెళ్లి బేకరీ అక్క కోసం చూశాను. మూడో వరసలో గోడ పక్కన కూర్చునేది. అక్కడ ఎవరివో గొడుగులు పెట్టి ఉన్నాయి. మాస్టారిని అడిగితే, "పోటీ అయినప్పటినుంచీ రావడం లేదు, మానేసినట్టుంది" అన్నారు. "ఎందుకని?" అన్నాను. "పనుంటుందేమో" అన్నారు. నాకు ఆవిడ పేరు కూడా తెలియదని అప్పుడే తెలిసింది. ఏడాదిగా ఆవిడ దగ్గర బన్నులు కొంటున్నాను.

ఆవిడకి ఏం చెప్పాలో నాలుగు రకాలుగా రాసుకున్నాను. నాలుగూ చాలా బాగా వచ్చాయి. ఒకదాంట్లో నీ 'నామోషీ' కూడా వాడాను. అంత బాగా వచ్చినందుకే చింపేశాను.

బేకరీ ఆరింటికి తెరుస్తారు. ఏడయ్యేసరికి బడి పిల్లలతో నిండిపోతుంది, అందరి ముందూ ఆవిడ మళ్లీ ఇబ్బంది పడుతుంది. అందుకని రేపు ఉదయం తలుపు తీసే వేళకే వెళ్తాను. మాస్టారు దగ్గర అరువు తెచ్చిన యంత్రం సంచిలో పెట్టుకున్నాను. ముందొక బన్ను కొంటాను. చిల్లర ఇచ్చేటప్పుడు ఆవిడ తలెత్తుతుంది కదా, అప్పుడు పేరడుగుతాను. తర్వాత తెర ఆవిడ వైపు తిప్పి, ఆ మూడక్షరాలేంటో చెప్తాను.

నీ అమ్మాయి